ఆరుగురిలో మా అన్నయ్య

మా అన్నయ్య బర్నబాస్ కుడిచేతి చిటికెనవేలు, దాని పక్క వేలు వంగిపోయి ఉంటాయి. అన్నం కలుపుకునేటప్పుడు ఆ రెండూ కలవవు, పక్కకి తప్పుకుని నిలబడతాయి. చూసినవాళ్ళు పనిలో ఇటుక పడిందేమో అనుకుంటారు. ఇటుక కాదు, బంతి. ఆ వేళ్ళు ఎలా విరిగాయో, విరిగాక ఎవరు బాగుపడ్డారో చెప్తాను. కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. నీ నోట్లో నువ్వుగింజ నానదే పుష్పా అని మా అమ్మ దానమ్మ ఎప్పుడూ తిట్టేది.

మాది రేపల్లె. మా నాన్న యోబు తాపీపనివాడు. ఏడో తరగతి తప్పాక అన్నయ్యని కూడా పనిలోకి తీసుకెళ్ళాడు. కింద ఒకడు నిలబడి ఇటుకలు జంటగా పైకి విసురుతుంటే, పరంజా మీద నిలబడి వాటిని అందుకోవడం అన్నయ్య పని. జారిందా, కింద ఉన్నవాడి తల పగులుతుంది. అందుకని జారనివ్వడు. సాయంత్రం మిషన్ కాంపౌండు గ్రౌండులో కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతుంటే వీడిని గోల్ దగ్గర నిలబెట్టారు. ఇటుక కంటే మెత్తగా ఉందిరా అని నవ్వాడట మొదటిరోజు. ఆ తర్వాత పదిహేనేళ్ళు ఆ గోల్ దగ్గరినుంచి వాణ్ణి కదిపినవాళ్ళు లేరు.

మా నాన్న గురించి ఒక్క మాట చెప్పాలి. అది తెలియకపోతే అన్నయ్య మీకు పిచ్చివాడిలా కనిపిస్తాడు. మా గుడిలో ఏటా ఫిబ్రవరిలో కోతల పండగ చేస్తారు. ఎవరి చేలో పండింది, ఎవరి పెరట్లో కాసింది వాళ్ళు తెచ్చి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట. రాతకోతలుండవు. నోటితో పాడినవాడే బాధ్యుడు. నేను చిన్నప్పుడు ఒక ఏడాది మా నాన్న పంతానికి పోయి ఒక గుమ్మడికాయకి రెండు బస్తాల వడ్లు పాడేశాడు. ఇంట్లో ఉన్నవే రెండు బస్తాలు. పాస్టరుగారే పిలిచి, యోబూ, ఏదో ఊపులో అన్నావులే, వదిలెయ్ అన్నారు. నోటితో అన్నాక చేత్తో ఇవ్వాల్సిందేనండి అని రెండు బస్తాలూ మోసుకెళ్ళి ఇచ్చేశాడు. ఆ నెలంతా మాకు గంజే. మా అమ్మ గంజి పోస్తూ తిట్టేది, అన్నయ్య మాత్రం నాన్నని దేవుణ్ణి చూసినట్టు చూసేవాడు.

ఇక మా ఆయన. పేరు దావీదు, ఊరు బాపట్ల. టెన్త్ పాసయ్యాడు, మా రేపల్లెలోనే జిరాక్స్ షాపులో పని. మా జట్టులో ఫార్వర్డ్ ఆడేవాడు, కెప్టెన్ కూడా. మాట తేనె. ఈ సంబంధం కుదిర్చింది అన్నయ్యే. ఏం చూసి ఇస్తున్నావురా అని అమ్మ అడిగితే, బంతి కాలికొస్తే పక్కవాడికి ఇస్తాడమ్మా, అన్నీ తనే కొట్టాలని చూడడు అన్నాడు. ఆ మాటకి అమ్మ నవ్వింది, నేనూ మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

రెండువేల అయిదు కోతల పండక్కి తెనాలినుంచి ఒక ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటుగారిని ముఖ్య అతిథిగా పిలిచారు. విజయసారథిగారని, తెల్లబట్టలు, మంచి కారు. ఆయన కాలేజీ పేరుతో ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాడు. జిల్లా కప్పు గెలిస్తే ఆ ఫోటోతో ఊరంతా ఫ్లెక్సీలు కట్టించుకోవచ్చు, పిల్లలు చేరతారు. అదీ ఆయన లెక్క. వేలంపాటలో ఒక అరటిగెల పాడాడు. తర్వాత మైకు పట్టుకుని, మీ జట్టులో ఆరుగురు మంచి ఆటగాళ్ళున్నారని విన్నాను, ఈ సీజను నా క్లబ్బుకి ఆడి కప్పు తెండి, ఆరుగురికీ నా కాలేజీలో ఉద్యోగాలిస్తాను అన్నాడు. సంఘమంతా చప్పట్లు. పాస్టరుగారు ఆరుగురినీ ముందుకి పిలిచి ప్రార్థన చేశారు.

ఆ రాత్రి ఆరుగురూ మా ఇంట్లోనే అన్నాలకి కూర్చున్నారు. నేను వడ్డిస్తూ, కాగితం మీద రాయించుకోండయ్యా, పెద్దవాళ్ళతో వ్యవహారం అన్నాను. అన్నయ్య నావైపు వింతగా చూశాడు.

"వేలంపాట దగ్గర నుంచుని అన్నాడు గదమ్మా. అక్కడ అన్నమాట వెనక్కి తీసుకున్నవాణ్ణి నువ్వు చూశావా?"

అప్పుడు మా ఆయన చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "ఆయన సంగతి తర్వాత. ముందు మనం ఒక మాట అనుకుందాం. ఇస్తే ఆరుగురికీ ఇవ్వాలి. ఒక్కరికి తగ్గినా ఎవరికీ వద్దు. ఆరుగురం ఒకటే."

అందరూ సరేనన్నారు. అన్నయ్య అయితే అన్నం ముద్ద చేతిలో పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పటికి వాడికి ముప్ఫై మూడు. పరంజా ఎక్కి దిగి మోకాళ్ళు అరిగిపోతున్నాయి. నీడపట్టున ఒక స్టూలు వేసుకుని కూర్చునే ఉద్యోగం, నెల తిరిగితే జీతం. వాడు బతుకులో కోరుకున్నది అదొక్కటే.

ప్రాక్టీసు తెనాలిలో. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే రైలెక్కాలి. మిగతావాళ్ళు ఏదోలా సర్దుకున్నారు. అన్నయ్య పనిచేసే వీరాస్వామి మేస్త్రి మాత్రం, రోజూ వస్తే రా, లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటాను అన్నాడు. అన్నయ్య మానేశాడు. మంచి చెయ్యిరా నీది, ఏ కాగితం చూసుకుని మానేస్తున్నావు అని మేస్త్రి అడిగితే, కాగితం లేదు బాబాయ్, మాట ఉంది అన్నాడట. మేస్త్రి తల కొట్టుకుని, నెలకల్లా ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు.

అక్టోబరులో బాపట్లలో ఫైనలు. మా మూడేళ్ళ పిల్లని చంకనేసుకుని నేనూ వెళ్ళాను. మనవాళ్ళు ఒక గోల్ ముందున్నారు, ఆ గోల్ కొట్టింది మా ఆయనే. ఇంకాసేపట్లో అయిపోతుందనగా అవతలివాళ్ళకి పెనాల్టీ ఇచ్చారు. కొట్టినవాడు ఎద్దులా ఉన్నాడు. అన్నయ్య కుడివైపుకి దూకి ఒంటిచేత్తో ఆపాడు. బంతి బయటికి పోయింది, వాడు లేవలేదు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి రెండు వేళ్ళు వెనక్కి తిరిగిపోయి ఉన్నాయి. నా చున్నీ అంచు చింపి కట్టమన్నాడు. కట్టాను. మిగిలిన ఆటంతా అలాగే నిలబడ్డాడు. కప్పు వచ్చింది. మర్నాడే తెనాలి అంతా ఫ్లెక్సీలు.

ఉద్యోగాల సంగతి మాట్లాడటానికి నవంబరులో వెళ్ళారు. అన్నయ్య చేతికి పిండికట్టు, జ్వరం. కెప్టెన్ నువ్వే గదా బావా, నువ్వు మాట్లాడితే నేను మాట్లాడినట్టే అని ఇంట్లోనే ఉండిపోయాడు. మా ఆయనా మిగతా నలుగురూ వెళ్ళారు. సాయంత్రం వచ్చి మా ఆయన అన్నయ్య మంచం మీద కూర్చున్నాడు.

"బావా, ఆయన మాట తప్పాడు. అయిదుగురికే అంటున్నాడు. టెన్త్ లేనివాడికి, చెయ్యి విరిగినవాడికి నా దగ్గర పని లేదన్నాడు. మేం గొడవ పెట్టుకున్నాం. ఏం చెయ్యమంటావు, మానెయ్యమంటే అందరం మానేస్తాం."

అలా అడిగితే అన్నయ్య ఏమంటాడో మా ఆయనకి తెలియదా? అన్నయ్య పిండికట్టు చెయ్యి ఒళ్ళో సర్దుకున్నాడు. చివరికి, నాకోసం మీరెందుకు పోగొట్టుకుంటారు, చేరండి అన్నాడు.

నేను ఊరుకున్నానా? ఆ కరస్పాండెంటుని తిట్టని తిట్టు లేదు. ఏరు దాటాక తెప్ప తగలేశాడు, వాడి కాలేజీ కూలిపోను, వాడి ఫ్లెక్సీలు కుక్కలు చింపిన విస్తళ్ళయిపోను అని వీధిలో నిలబడి తిట్టాను. మా ఆయన తలుపు వెయ్యవే, ఎవరన్నా వింటారు అనేవాడు. భయస్థుడు అనుకున్నాను.

డిసెంబరులో మేం తెనాలి మారాం. మా ఆయనకి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కించడానికి అన్నయ్య కూడా వచ్చాడు. వద్దురా అంటే వినకుండా ఎడంచేత్తో మంచం కోళ్ళు పట్టుకున్నాడు. కట్టు విప్పాక వేళ్ళు వంగే ఉండిపోయాయి, ఇటుక అందుకోవడానికి పనికిరావని తేలిపోయింది. వీరాస్వామి మేస్త్రి జాలిపడి సిమెంటు కలిపే పని ఇచ్చాడు. ఆ పని కొత్తగా వచ్చిన కుర్రకూలీలు చేస్తారు. అయినా ఆదివారం గుడి అయ్యాక రైలెక్కి మా ఇంటికి వచ్చేవాడు. నేను అన్నం పెడుతూ మళ్ళీ ఆ కరస్పాండెంటు మీద పడేదాన్ని. అన్నయ్య తల వంచుకుని తినేవాడు. పోనీలేమ్మా, కూర బాగుంది అనేవాడు.

మళ్ళీ కోతల పండగ వచ్చింది, మేమూ రేపల్లె వెళ్ళాం. కరస్పాండెంటుగారూ వచ్చారు. నేను ఆయన్ని చూసి పళ్ళు నూరుకుంటున్నాను. వేలంపాట మొదలవబోతుండగా ఆయన దృష్టి అన్నయ్య మీద పడింది. నవ్వుతూ, అందరికీ వినపడేట్టే అన్నాడు.

"ఏమయ్యా గోల్ కీపరూ, నేను రమ్మంటే నువ్వే వద్దన్నావంటగా? తాపీపనే నాకు బాగుందన్నావంట? నీకోసం గేటు దగ్గర స్టూలు కూడా వేయించాను గదయ్యా."

నేను మా ఆయనవైపు చూశాను. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, చొక్కా కాలరు సర్దుకుంటున్నాడు. మిగతా నలుగురూ నేల చూస్తున్నారు.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. వంగిన వేళ్ళు కనపడకుండా చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"అవునండి. నేనే వద్దన్నానండి."

మా నాన్న రెండు బస్తాలు మోసుకొచ్చి పెట్టిన చోట నిలబడి అన్నయ్య అబద్ధమాడాడు. కరస్పాండెంటుగారు తలూపి, మంచిది మంచిది అన్నాడు. పాట మొదలైంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.

ఇంటికొచ్చాక మా ఆయన్ని పట్టుకున్నాను. మొదట బుకాయించాడు, తర్వాత కక్కాడు. కరస్పాండెంటు మాట తప్పనేలేదు. ఆరుగురికీ అటెండరు ఉద్యోగాలు సిద్ధంగా పెట్టాడు. వీళ్ళకే అది చాల్లేదు. నాకు గుమాస్తా ఇవ్వండి, వీళ్ళకి ల్యాబుల్లో ఇవ్వండి, అందరికీ పర్మినెంటు ఆర్డర్లు ఇవ్వండి అని మా ఆయనే కొత్త బేరం పెట్టాడు. అలా అయితే అయిదుగురికే వీలవుతుంది, ఎవరు తగ్గుతారో మీరే తేల్చుకోండి అన్నాడట ఆయన.

"తేల్చిందెవరు?" అన్నాను.

చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. మళ్ళీ అడిగాను.

"బావైతే ఏమీ అనుకోడులే అనుకున్నాం" అన్నాడు.

నా అన్న అన్నం పెట్టి, చెల్లెల్నిచ్చి, పెనాల్టీ ఆపి కప్పు చేతికిస్తే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు నా మొగుడు. ఎవడో తెనాలి పెద్దమనిషి మోసం చేశాడని మూడునెలలు వీధిలో అరిచాను. మోసం నా మంచం మీదే పడుకుని నిద్రపోయింది. ఆ వారం ఆయనతో మాట్లాడలేదు. కానీ ఆఫీసుకి చొక్కా మాత్రం ఉతికి, ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించాను.

తర్వాతి ఆదివారం అన్నయ్య రాలేదు. మర్నాడు నేనే రేపల్లె వెళ్ళాను. ఇంటిముందు తొట్టి దగ్గర కాళ్ళకి అంటిన సిమెంటు కడుక్కుంటున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఆర్డర్లు వచ్చిన వారానికే. కరస్పాండెంటుగారి డ్రైవరు కనిపించి చెప్పాడు."

"మరి ఇన్నాళ్ళూ మా ఇంటికొచ్చి మా ఆయన పక్కన కూర్చుని ఎలా తిన్నావురా? నేను అనవసరంగా ఆ కరస్పాండెంటుని తిడుతుంటే ఎలా విన్నావు?"

అన్నయ్య పాదం మీద చిన్న గులకరాయి అంటుకుంటే గీకుతూ కూర్చున్నాడు.

"ఆ రోజు మీ ఇంట్లో మాట అనుకున్నాం గదమ్మా, ఒక్కరికి తగ్గినా ఎవరికీ వద్దని. నిజం బయటపెడితే ఆ మాట ప్రకారం అయిదుగురూ మానెయ్యాలి. మానెయ్యరు. వాళ్ళు మానెయ్యకపోవడం నేను కళ్ళతో చూడాలి. అది చూడలేను. వద్దన్నది నేనే అయితే మాట తప్పినవాడు ఎవడూ ఉండడు."

"నాకు చెప్పొచ్చుగా. నాకైనా."

అప్పుడు నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

"నీకు చెప్తే ఇంకేమన్నా ఉందా? నీ నోరు నాకు తెలీదా పుష్పా. గుడి మధ్యలో నిలబడి కడిగిపారేస్తావు. దావీదు ఉద్యోగం ఆ పూటే పోతుంది. నువ్వు ఊరుకోలేవని భయపడే చెప్పలేదమ్మా."

గుడిలో కరస్పాండెంటుగారు ఆ మాట అన్నప్పుడే నాకంతా అర్థమైపోయింది. అన్నయ్య లేచి నిలబడటానికి ముందు కాస్త వ్యవధి ఉంది. అప్పుడు నేను నోరు విప్పొచ్చు. నాకు గుర్తొచ్చింది మా తెనాలి ఇల్లు, పిల్లకి కుట్టించిన కొత్త యూనిఫారం, మళ్ళీ జిరాక్స్ షాపు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అన్నయ్య ఆ అబద్ధం ఆడేదాకా ఊరుకున్నాను.

అదే వాడికి చెప్పాలని రేపల్లె వెళ్ళాను. చెప్పలేకపోయాను. అన్నం తిని వెళ్ళమ్మా అన్నాడు, తిని వచ్చేశాను.