రాయి మీది ముద్ద

మొన్న ఆదివారం మనవరాలు బస్టాండు దగ్గరి హోటలు నుంచి వేయించిన చేపలు తెచ్చింది గాని, నంజుకోవడానికిచ్చే చట్నీ పొట్లం కట్టడం హోటలువాడు మరచిపోయాడు. దానికేముందని ఆ పిల్ల టమాటా సాసులో నిమ్మకాయ పిండి, ఇంత మిరియాలపొడి చల్లి, చెంచాతో గిరగిరా తిప్పి, నేను కాళ్ళు చాపుకుని కూర్చునేలోపే గిన్నె తెచ్చి ముందు పెట్టింది. నాలుక మీద పెట్టుకున్నాను. బాగానే ఉంది. బాగున్నందుకే అమ్మ గుర్తుకొచ్చింది, ఎందుకంటే ఇట్లా చిటికెలో చేసే చేపకారం మా ఇంటికి మొదట తెచ్చింది మా వదిన, ఆ రోజు మా అమ్మ వట్టి మజ్జిగన్నం తిన్నది.

నాకు చదువు లేదు, నేను చెప్తుంటే ఈ పిల్లే రాస్తోంది, ముందూ వెనకా అయితే మీరే సర్దుకోండి. అరవదేశంలో మా రాజపాళయంలో, సంగు అని పిలిచే మిల్లు సైరను కూతను బట్టి పొయ్యి వెలిగించిన నా ఈడు ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. మా నాయన, అన్న ఇద్దరూ మిల్లులోనే పని. తూత్తుకుడి ఎండుచేప గంప వీధిలోకి వచ్చిన రోజు అమ్మ దాన్ని నిప్పుల మీద కాల్చి, నంజుకోవడానికి ఎండుమిరపకాయలు, చిన్న ఉల్లిపాయలు, చింతపండు, కొబ్బరిముక్క రాయి మీద పెట్టి వెన్నలా నూరేది. నూరిందంతా గిన్నెలోకి తీసి మగవాళ్ళకు పెట్టేది. ఆ గిన్నెలో తాను వేలు పెట్టగా నేనెన్నడూ చూడలేదు. అందరి తిండీ అయ్యాక, రాయికి అంటుకున్న కారం మీద ఇంత అన్నం వేసి, చేత్తో రాయంతా తుడిచి, మొదటి ముద్ద నా నోట్లో పెట్టి తక్కినది తాను తినేది. చేప మిగిలినా మిగలకపోయినా ఆ రాతి అన్నం ఆమెది. దాన్ని ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన రోజుల్లో వదిన సత్రపట్టి నుంచి కాపురానికి వచ్చింది. వాళ్ళది మగ్గాల ఇల్లు. మగ్గం దిగి గబగబా తిని మళ్ళీ మగ్గమెక్కేవాళ్ళకు నూరుకుంటూ కూర్చునే తీరికెక్కడిది, మిరపకాయలూ ఉల్లిపాయలూ నిప్పుల్లో పడేసి, చింతపండు నీళ్ళలో ఉప్పు వేసి చేత్తో పిసికేస్తే అదే వాళ్ళ కారం. ఒకరోజు అన్నకు షిఫ్టు మారింది, సంగు కూసే వేళైంది, అమ్మ ఇంకా మిరపకాయల తొడిమలు తీస్తోంది. వదిన ఆ మిరపకాయలే అందుకుని కాల్చి, పిసికి, గిన్నె పెట్టేసింది. అన్న గిన్నె నాకినంత పని చేశాడు.

"చేతిలోనే ఇంత రుచి ఉండంగా, ఇన్నేండ్లు ఆ రాయితో ఎందుకుమా కుస్తీ పట్టినావు" అన్నాడు.

నాయన కూడా నవ్వాడు. అప్పటి నుంచి రాయి ఎండిపోయింది. అమ్మ అందరూ లేచాక అన్నంలో మజ్జిగ నీళ్ళు పోసుకుని తిని, అలవాటు కొద్దీ రాయి వైపు ఒకసారి చూసి చెయ్యి కడుక్కునేది. నాకూ ముద్ద పోయింది కదా, ఆ ఏడుపుతో కుళాయి దగ్గర బిందె నిండేలోపు వదినకు అంతా చెప్పేశాను.

గిన్నెలో కొంచెం దాచిపెడితే పోయేది కదా అంటారేమో. వదిన అదీ చేసింది. "అది మగోళ్ళ గిన్నె, నాకొద్దు పో" అంది అమ్మ. మళ్ళీ చేప వచ్చిన రోజున వదిన పిసికిన కారాన్ని కొంత రాయి మీద పోసి, వీధిలోకి వినపడేట్టు పొత్రాన్ని గడగడా ముందుకూ వెనక్కూ లాగి, పైపైన గిన్నెలోకి ఎత్తింది.

"ఉల్లిగడ్డ నలగలేదత్తా, ఊరికే కొంచెం నూరినాను."

"నూరినదాంట్లో సగం రాయి మీదే వదిలినావే. మీ ఊర్లో రాయి తుడిచేది కూడా నేర్పలేదా?"

"నేర్పలేదత్తా. మీరే తుడవండి."

అమ్మ సణుగుతూనే అన్నం తెచ్చి రాయి మీద వేసింది.

అట్లా ఎన్నేళ్ళు జరిగిందో. ఒకసారి నాకు ముద్ద పెడుతూ అమ్మ మెల్లగా అంది, "నాకు తెలీదనుకుంటుంది అది. నూరినదానికీ పిసికినదానికీ తేడా తెలీనిదాన్నా నేను. నువ్వు నోరు తెరవబాకు. నాకు తెలిసిందంటే సిగ్గుపడి మానేస్తుంది."

నేను నోరు తెరవలేదు. పెళ్ళై తళవాయిపురం పోయాను. అమ్మ పోయాక వదిన ఆ రాయిని కడిగి గోడకు ఆనించింది, మళ్ళీ దించలేదు. మా ఆయన కూడా పోయి నేను ఈ ఊరికే తిరిగి వచ్చేటప్పటికి వదిన మంచాన పడి ఉంది. పక్కన కూర్చుని, అమ్మకు మొదటి నుంచీ తెలుసు వదినా అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మకిచ్చిన మాట అడ్డం పడింది. పోయినామె కోసం దాచిన మాటను, బతికున్నామెకు ఇవ్వలేకపోయాను. ఆమె కూడా పోయింది, ఇస్తే ఆ ముఖం ఎట్లా వెలిగేదో ఇక తెలియదు.

ఇప్పుడు ఆడపిల్లలు మగవాళ్ళతో పాటే కూర్చుని కడుపునిండా తింటున్నారు, తినాలి, దాంట్లో నాకు ఏ పేచీ లేదు. మొన్న మనవరాలు గిన్నె మొత్తం నా వైపే తోసింది. అడుగున అంటుకున్న కారం మీద ఇంత అన్నం వేసి, తుడిచి, మొదటి ముద్ద ఆ పిల్లకు చాపాను. కడుపు నిండిందవ్వా అని లేచి పోయింది. తెలియనీయకుండా ఒకరి కోసం రాయి మీద కారం వదిలేవాళ్ళూ, తెలిసీ తెలియనట్టు సణుగుతూ తినేవాళ్ళూ ఒకే వంటింట్లో ఉండిన కాలం మాది. ముద్ద చేతిలోనే చల్లారింది. నేనే తిన్నాను.