ముఖం తిప్పిన దిష్టిబొమ్మ

ఉన్న ఇంటి మీద మేడ వెయ్యడమంటే ఆ రోజుల్లో ఒక మనిషి జీవితంలో ఒక్కసారి చేసే సాహసం. నాకది ఇరవై అయిదో ఏట, పెళ్లయిన నెలకే వచ్చిపడింది. విశాఖలో రేవుకి దగ్గరగా ఉన్న మా పాత పెంకుటింటి పెంకులు దింపి, కింద స్లాబు పోయించి, పైన ఒక గది లేపుతున్నాను. కింద అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు, నేను ఇరుకున సర్దుకుంటున్నాం. మా ఆవిడ ఆషాఢానికని ఎలమంచిలి పుట్టింటికి వెళ్లింది. "గది తయారైతేనే శ్రావణంలో పంపుతాం" అని మావగారు కార్డు రాశారు. (వచ్చిన తేదీ, వేళ సహా ఆ సంగతి నా డైరీలో ఉంది. నాకు ఆ జబ్బు అప్పటికే ఉంది.)

గోడలు లేచాక మేస్త్రి దిష్టిబొమ్మ కట్టమన్నాడు. కుండకి సున్నంతో కళ్లు పెట్టి, గడ్డి కూరి, పాత బట్టలు తొడగాలి. ఇంట్లో ఎవరూ తొడుక్కోని బట్టలేమిటని పద్ధతిగా ఆలోచించి, పెట్టెలోంచి నాన్న ఖాకీ చొక్కా తీశాను. నాన్న రేవులో క్రేను నడిపేవారు. పోయి రెండేళ్లయింది. పోయినవాళ్ల చొక్కా దిష్టిబొమ్మకి తొడగకూడదని నాకెవరూ చెప్పలేదు. వెదురుకి కట్టి, ముఖం రేవు వైపు పెట్టి నిలబెట్టాను. అమ్మ పెరట్లోంచి తలెత్తి చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు స్టీలు ప్లాంటులో పొద్దుటి షిఫ్టు చేసి మూడింటికి ఇంటికొచ్చేసరికి బొమ్మ ఇటు తిరిగి ఉంది. మెడ కొంచెం వంచి మా వంటింటి గుమ్మంలోకి చూస్తోంది. గాలేమో అనుకుని సరిచేశాను. మర్నాడూ అంతే. మూడోరోజు కట్టుడు తీగతో మూడు ముడులు వేసి వెళ్లాను. వచ్చేసరికి ముడులు విప్పి ఉన్నాయి. తీగ చక్కగా చుట్టి, బొమ్మ కాళ్ల దగ్గర పెట్టి ఉంది. గాలి తీగని చుట్టదు.

ఆ సాయంత్రం మేస్త్రి తాపీ, మట్టపు గొట్టం సంచిలో వేసుకుని వీధి మలుపులో నన్ను ఆపాడు. "బావూ, మజ్జాన్నం అరుగు మీద బువ్వ తిని కునుకు తీసి పైకెల్తే సాలు, అది తిరిగిపోతంది. నా మీదే కన్నేసినాది. నాను రాను. అమ్మగారికి మాత్రం సెప్పకు, బయపడిపోద్ది."

పై గది స్లాబు ఇంకా మిగిలిపోయింది. అది పోసి ఆరడానికే మూడు వారాలు కావాలి. లెక్కవేస్తే శ్రావణం ఖాళీ గోడల్లోనే దాటిపోయేలా ఉంది.

మర్నాడు బొమ్మని మళ్లీ రేవు వైపు తిప్పి తీగతో కట్టి, సెలవు పెట్టి, అమ్మకి చెప్పకుండా క్యారేజీ పట్టుకుని షిఫ్టుకి వెళ్లినట్టే వెళ్లి, దొడ్డిదారిన వచ్చి పైన ఇటుకల వెనక దాక్కున్నాను. జేబులో నిమ్మకాయలు రెండు, ఇనుప మేకు ఒకటి. మిట్టమధ్యాహ్నం. రేవులో ఏదో ఓడ కూత పెట్టి ఆగిపోయింది. నాన్న చొక్కా చేతులు మెల్లగా ఉబ్బి, మళ్లీ సొట్టపోతున్నాయి. అప్పుడు నిచ్చెన కిర్రుమంది. ముందు ఒక చెయ్యి వచ్చింది. తర్వాత ఒక నెరిసిన తల.

మోకాళ్ల నొప్పులని గుడి మెట్లు కూడా ఎక్కని మా అమ్మ.

తీగ విప్పి చుట్ట చుట్టింది. బొమ్మని భుజాలు పట్టి ఇటు తిప్పి కాలరు సర్దింది. "ఎంతసేపూ ఆ ఓడల్నేటి సూత్తారు? ముప్పయ్యేళ్లు సూసినారు, సాల్లేదా? పెద్దోడు మేడ కడతన్నాడు. ఇటు సూడండి."

అమ్మ దిగి వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుతూ కూర్చుంది. నాకు దిగే దారి లేదు. నాలుగింటిదాకా చీమలు కుడుతున్నా కదలకుండా బొమ్మ ఎదురుగా కూర్చున్నాను. అది నన్నే చూస్తోందని ఇప్పటికీ ప్రమాణం చేస్తాను.

ఈ సంగతి మేస్త్రికి చెబితే వీధంతా తెలుస్తుంది, అమ్మ ఇంక నిచ్చెన ఎక్కదు. అందుకని వాళ్లింటికి వెళ్లి, "బొమ్మని తిప్పుతున్నది నేనే" అన్నాను.

"నువ్వు సిప్టులో ఉంతావు కదా?"

"మధ్యలో వచ్చి తిప్పి వెళ్తున్నాను."

"ఉక్కునగరం నుంచి పాతిక కిలోమీటర్లు బస్సెక్కొచ్చి, బొమ్మని తిప్పి, మల్లీ బస్సెక్కి ఎల్తన్నావా?"

"అవును."

మేస్త్రి తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు. "దెయ్యమే నయం బావూ. సర్లే, రేపొత్తాను."

వచ్చాడు. అమ్మ ఎక్కేటప్పుడు జారకుండా, నేను చప్పుడు చెయ్యకుండా నిచ్చెన కాళ్లకి ఇటుకలు అడ్డం పెట్టాను. స్లాబు పడింది, శ్రావణం వచ్చింది, మా ఆవిడా వచ్చింది. మేస్త్రి నోరు ఆవిడకంటే ముందే ఎలమంచిలి వెళ్లొచ్చింది. కొత్త గదిలో ఆవిడ అడిగిన మొదటి మాట, "మీరు బొమ్మలతో ఆడతారంట, నిజమేనా?"

"అలవాటు" అన్నాను. ఆవిడ ట్రంకుపెట్టెని మంచానికి, తలుపుకి మధ్యలోంచి పక్కకి జరిపింది. (పారిపోవడానికి దారి కోసమని తర్వాతెప్పుడో చెప్పింది.)

అమ్మ పోయేదాకా మా ఆవిడకి అసలు సంగతి చెప్పలేదు. కొత్త పెళ్లాం దగ్గర పిచ్చివాడనిపించుకోవడానికి ఒప్పుకున్న ఆ కుర్రాడంటే నాకిప్పుడు కాస్త అసూయ. ఈ వయసులో, ఇంత పద్ధతి అలవడ్డాక నేనైతే, ఇంకో మేస్త్రిని వెతుక్కునేవాణ్ణి.