నీలి గుర్తు అని నేను రాసిన మాట

మా ఆస్పత్రి నర్సు దొరసానమ్మ పోయిన వారం గుంటూరులో జ్వరంతో పోయారు. కబురు నిన్న వచ్చింది. నేను చేసిన ఒక తప్పును దిద్దగలిగిన మనిషి ఆమె ఒక్కరే. అందుకే ఇప్పుడే పత్రికకు ఇది రాయాలి.

ఆమెది స్వీడను దేశం. గాయాల నోటుబుక్కు తన భాషలోనే రాసేవారు. "ఇంగ్లీషు మీ కరణం చదువుతాడు. ఇది ఎవరూ చదవరు" అనేవారు. మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేను. ఆ మాటలు నాకు ఒక్కొక్కటే నేర్పారు. మనిషికి తగిలిన దెబ్బకూ, పగిలిన వస్తువుకూ వాళ్లకు ఒకటే మాట, స్కాదా. నా చేతిలో మందుసీసా జారి పగిలితే "స్కాదా!" అని అరిచి, ముందు నా వేళ్లు చూశారు. సీసాను తరువాత చూశారు.

మా వీధి అక్కను మొగుడు కొట్టినప్పుడు నేనే ఆస్పత్రికి తీసుకొచ్చాను.

"మెట్టు మీద పడ్డానమ్మా" అంది అక్క.

దొరసానమ్మ ఆమె చెయ్యి తిప్పి చూసి, "ఏ మెట్టు? ఆ మెట్టుకు అయిదు వేళ్లు ఉన్నాయా?" అన్నారు. అక్క ఏడుస్తూనే నవ్వింది. నోటుబుక్కులో 'బ్లోమెర్కె, అయిదు' అని పడింది.

ఇప్పుడు అక్కను కాపురానికి పంపాలని మొగుడు దావా వేశాడు. దొరసానమ్మ జబ్బుతో గుంటూరు వెళ్లడంతో ఆ పుటను కోర్టుకు తెలుగులో రాసిచ్చింది నేను. 'బ్లో' అంటే నీలం, 'మెర్కె' అంటే గుర్తు. ముక్కకు ముక్క పెట్టి 'చేతిపైన అయిదు నీలి గుర్తులు' అని రాశాను.

మొగుడి తరఫు ప్లీడరు అది చదివి, "నీలం కోక కట్టిన మనిషికి చెమట పడితే రంగు అంటదా? దీనికి ఆస్పత్రి ఎందుకండీ, సబ్బు చాలు" అన్నాడు. అందరూ నవ్వారు.

బయటికొచ్చాక అక్క, "ఏమే, అంత చదివావు, కమిలింది అనే మాట రాలేదా నీకు?" అంది.

"గాయాన్ని చూసి రాయి, మాటను చూసి కాదు" అని దొరసానమ్మ ఎన్నిసార్లు చెప్పారో. వచ్చి సాక్ష్యం చెప్పమని ఆమెకు ఉత్తరం రాశాను. దానికి జవాబుగా వచ్చిందే ఈ చావు కబురు.

అక్క చేతి మీద కమిలినవి పసుపుపచ్చకు తిరిగి మాయమైపోయాయి. ఆ అయిదు వేళ్లు ఇక నోటుబుక్కులో దొరసానమ్మ సన్నటి రాతలోనే ఉన్నాయి.

వాయిదా వచ్చే నెల పదో తేదీన. ఆ భాష తెలిసినవారు గానీ, కమిలిన మీ ఒంటిని చూసి ఆమె 'బ్లోమెర్కె' అనడం విన్నవారు గానీ ఉంటే, ఎనిమిదో తేదీలోపు నాకు ఒక కార్డు ముక్క రాయండి.