క్లచ్ మీద కాలు

మాటలు నావి, ఫోనులో కొడుతున్నది మా కోడలు.

ఈరోజు మైదుకూరులో మా ఆయన తోలుతుండగా మా పాత జీపు నడిరోడ్డు మీద ఆగిపోయింది. క్లచ్ ప్లేటు మొన్ననే అక్కడి షెడ్డులో మార్పించాం. బండిని ఆ షెడ్డు ముందుకే తోయించి, మెకానిక్‌తో తగువు పెట్టుకున్నాను.

"నా తప్పేం లేదవ్వా. తాత క్లచ్ మీద కాలు తీకుండా తోల్తాండాడు. ప్లేటు మళ్లా కాలిపోయిండాది, గేర్లు గూడా అరిగిపోతాండాయి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "నోర్ముయ్‌రా! నువ్వు పుట్టకముందే శ్రీశైలం ఘాట్‌లో లారీ తోలినోడు ఆయన. కాలు యాడ పెట్టాల్నో నువ్వు నేర్పిస్తావా?" అని దులిపేశాను.

మా ఆయన కూడా నాలుగు మాటలు అంటాడేమోనని తిరిగి చూశాను. జీపు దిగి ఎండలో నిలబడి ఉన్నాడు. ఒక చెప్పు బండిలోనే, క్లచ్ కింద పడి ఉంది. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద ఆయన ఎడమ కాలు ఉత్తదే. అయినా కదలడం లేదు.

"ఏమయ్యా, కాలు కాల్తాలేదా?"

కిందికి చూసుకున్నాడు. "చెప్పు యాడ పోయింది?" అన్నాడు.

షుగరు ఆ కాలిలో స్పర్శను ఎప్పుడు తినేసిందో మా ఇద్దరికీ తెలియలేదు. క్లచ్ మీద కాలు ఉందని ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది? నేనే వంగి చెప్పు తొడిగాను.

రేపు జీపు బాగై వస్తుంది. ఆయన తాళాలు అడుగుతాడు. ఊరందరినీ కడిగేసే నా నోటికి, ఇక తోలొద్దనే ఒక్క మాట రావడం లేదు. మీ ఇంట్లో ఎవరికైనా చెప్పి ఉంటే, ఎలా మొదలుపెట్టారో రాయండి. కోడలు చదివి వినిపిస్తుంది.