మూడు లైన్లున్న ఇల్లు

మా గోదావరిఖనిలో ఇంటికి ఇంటర్నెట్ రావడమంటే కొత్తల్లుడు రావడమంత సంబరంగా ఉన్న కాలం ఒకటుండేది. మోడెంకు బొట్టు పెట్టినవాళ్లను నేను చూశాను. దుమ్ము పడకూడదని దాని మీద తువ్వాల కప్పి, అది వేడెక్కి ఆగిపోతే ఫోను ఆఫీసువాళ్లను తిట్టినవాళ్లనూ చూశాను. ఆ అల్లుడు ఎప్పుడు అలుగుతాడో ఎప్పుడు పలుకుతాడో ఎవరికీ తెలిసేది కాదు. అటువంటి రోజుల్లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, డిగ్రీ పూర్తిచేసి చౌరస్తా దగ్గరి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పుకుంటూ, బొగ్గుగనిలో పనిచేసే మా అన్న క్వార్టర్లో ఉంటున్న నేను, ఇంటర్నెట్ వేగం విషయంలో మా క్వార్టర్ల లైనుకంతటికీ పెద్దమనిషినయ్యాను. (ఎవరూ చేయలేదు, నేనే అయ్యాను.)

మా ఇంట్లో ఒకటి కాదు, మూడు కనెక్షన్లుండేవి. అన్న పేరు మీద తీసుకున్న ల్యాండ్‌లైను ఒకటి. దాని తీగ స్తంభం నుంచి మా కిటికీ దాకా వచ్చేలోపు నాలుగుచోట్ల తెగి, నాలుగుచోట్ల అతుకు పడింది. రెండోది కేబుల్ నెట్టు. కేబుల్ టీవీ నడిపే ఒకాయన కొత్తగా నెట్టు మొదలుపెడితే, నేను ఆయన కంప్యూటర్లు సర్దిపెట్టినందుకు మా ఇంటికీ ఒక వైరు లాగాడు. మూడోది నేను కొనుక్కున్న, సిమ్ కార్డుతో నడిచే డాంగిల్. దానికి సిగ్నలు బాగా అందాలని ఒక కర్రకు కట్టి, కర్రను కిటికీ ఊచలకు కట్టి, వెనక ఒక స్టీలు పళ్లెం నిలబెట్టాను. ఆ పళ్లెం లేక మా అన్న కొన్నాళ్లు అన్నం గిన్నెలో తిన్నాడు. పొద్దున లేవగానే మూడింటి వేగం కొలిచేవాణ్ణి. మధ్యాహ్నం కొలిచేవాణ్ణి. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అయ్యాక క్వార్టర్ల గోడలు అదిరి ఆగిన తర్వాత మళ్లీ కొలిచేవాణ్ణి. అంకెలన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్కులో గళ్లు గీసి రాసేవాణ్ణి. డ్యూటీ దిగి వచ్చే కార్మికులు ఇంటిముందు ఆగి, ఏ లైను తీసుకుంటే మంచిదని అడిగితే, ఎండలో వాళ్లను అట్లాగే నిలబెట్టి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. నన్ను ‘స్పీడన్న’ అనేవాళ్లు. అందులో వెక్కిరింత ఉందని నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

ఇంతకూ ఆ మూడు లైన్లతో నేను చేసిన పని ఏమిటంటే, వాటిని కొలవడమే.

మా వదిన ఇంటర్ కాగానే పెళ్లయి ఈ ఇంటికొచ్చింది. ఇద్దరు పిల్లలు పుట్టాక దూరవిద్యలో డిగ్రీ కట్టింది. ఫస్టు షిఫ్టుకు పోయే అన్నకు టిఫిను కట్టి, పిల్లలను బడికి తోలి, పొయ్యి పక్కన పుస్తకం పెట్టుకుని చదివేది. ఆమె పుస్తకాలన్నింటికీ పోపు వాసన వచ్చేది. డిగ్రీ అయింది. బీఈడీ ఎంట్రెన్సు రాసింది. మంచి ర్యాంకు వచ్చింది. పెద్దపల్లి కాలేజీలో సీటొస్తే చాలు, పొద్దున బస్సెక్కి పోయి పిల్లలు బడి నుంచి వచ్చేసరికి తిరిగి రావచ్చని ఆమె లెక్క. మా అన్న పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ర్యాంకు కార్డు చూసి, రెండుసార్లు చదివి, అద్దం వెనక భద్రంగా పెట్టాడు.

ఏ కాలేజీలు కావాలో వరుసగా ఇంటర్నెట్లోనే నింపాలి. దానికి మూడు రోజులు గడువిచ్చారు. మూడో రోజు సాయంత్రం ఐదింటికి ఆఖరు. మా పక్క లైనులో మెకానిక్ భాయి కూతురుకూ ఆ ఏడే ర్యాంకొచ్చింది, వదినకన్నా కొంచెం వెనక. మొదటి రోజు పొద్దున్నే ఆ పిల్ల వాళ్ల నాన్నతో మా వాకిట్లోకి వచ్చి, బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరుకు పోతున్నామని, వదినను కూడా రమ్మని పిలిచింది. వదిన చేతులు కడుక్కుని, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ నా వైపు చూసింది.

“పోయొస్త తమ్మీ. అరగంట పనంటున్నరు.”

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. ఆ సెంటర్లో ఒక్క లైను మీద పది కంప్యూటర్లు నడుస్తాయని, అక్కడి వేగం నేను స్వయంగా కొలిచానని, మూడు లైన్లున్న ఇంటి మనిషి సెంటరుకు పోయి వరుసలో నిలబడితే నలుగురూ నవ్వుతారని చెప్పాను. (నలుగురూ నవ్వేది ఆమెను కాదు, నన్ను. అదీ నా బాధ.) వదిన కుచ్చిళ్లు వదిలేసి లోపలికొచ్చింది. మెకానిక్ భాయి కూతురు అరగంటకు కాదు, గంటకు తిరిగొచ్చింది. పని అయిపోయింది.

నేను మొదట మూడు లైన్లనూ కొలిచాను. ఏది బాగుందో తేలకుండా పని మొదలుపెట్టడం నా పద్ధతి కాదు. ఆ పూట డాంగిల్ గెలిచింది. వదిన కాగితం మీద కాలేజీల పేర్లు వరుసగా రాసుకుని, పెద్దపల్లి పేరు కింద గీత గీసి, నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. పేజీ నెమ్మదిగా తెరుచుకుంటుంటే నాకు నామోషీ అనిపించి, రేపు పొద్దున కేబుల్ నెట్టులో పెడదామని, అప్పుడు గాలికంటే జోరుగా ఉంటుందని చెప్పాను. రెండో రోజు కేబుల్ నిజంగానే జోరుగా ఉంది. ఆ సంతోషంలో ముందు నాలుగుసార్లు కొలిచి, అంకె కేబులాయనకు ఫోనులో చదివి వినిపించాను. తర్వాత పద్దెనిమిది కాలేజీలు నింపాను. మధ్యలో భద్రపరిచే బటన్ నొక్కమని వదిన అన్నది. అన్నీ అయ్యాక ఒక్కసారే నొక్కుదామన్నాను. పంతొమ్మిదోదానికి కేబులాయన ఇంట్లో కరెంటు పోయింది. (మా కాళ్ల కింది బొగ్గుతో ఎక్కడెక్కడి ఊళ్లలోనో దీపాలు వెలుగుతాయి. మా బజారులో మాత్రం కోత.) కరెంటు వచ్చాక చూస్తే నింపినదేదీ లేదు.

మూడో రోజు పొద్దున డాంగిల్ పెడితే పేజీ కదలదు. ఫోను చేసి అడిగితే, ఆ నెల వాడకం హద్దు దాటిందని, ఇక నెలాఖరు దాకా ఇదే వేగమని చెప్పారు. ఇంట్లో ఎవరూ సినిమా చూడలేదు, పాట దించుకోలేదు. హద్దంతా నేను వేగం కొలిచి కొలిచి దాటించాను. ఆ మాట వదినకు చెప్పలేదు. సర్వర్ బిజీగా ఉందన్నాను. కేబులు పెట్టాను, కేబులాయన ఇంట్లో మళ్లీ కోత. ల్యాండ్‌లైను పెట్టాను. అది మెల్లగా, ముసలి ఎద్దులా, నడుస్తూ వచ్చి పెద్దపల్లి కాలేజీ పేరు దాకా తెచ్చింది. అప్పుడే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు అయింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. మోడెం మీది పచ్చ దీపం ఆరిపోయింది. స్టూలెక్కి తీగ అతుకులు ఒక్కొక్కటే వేళ్లతో నొక్కుతూ, దీపం వెలిగిందా అని కిందికి అడుగుతున్నాను. వదిన మోడెం ముందు కూర్చుని లేదంటోంది. చాలాసేపు మేమిద్దరం ఆ రెండు మాటలే మాట్లాడుకున్నాం. గడియారంలో నాలుగున్నర దాటింది. అప్పుడు ఆమె లేచి, చెప్పులు వేసుకుంది.

“ఇగ చాలు. సెంటరుకు పోదాం పా.”

అన్న పాత స్కూటరు మీద పోయాం. సెంటర్లో పది కంప్యూటర్లూ నిండి ఉన్నాయి. వదిన మొహం చూసి ఒక ముసలాయన, పింఛను కాగితం చూసుకుంటున్నవాడు, లేచి కుర్చీ ఇచ్చాడు. నంబరు కొట్టి, పాస్‌వర్డు కొట్టి, మీట నొక్కాను. నేను మూడు రోజుల్లో ఎక్కడా చూడని వేగంతో, కన్ను మూసి తెరిచేలోగా పేజీ తెరుచుకుంది. గడువు ముగిసిందని ఎర్రటి అక్షరాలు. గోడ గడియారంలో ఐదు దాటి రెండు నిమిషాలు.

వదిన తెర వైపు చూసి మెల్లగా అన్నది, “గిది మాత్రం జల్ది వచ్చింది.”

రెండో విడత వచ్చేసరికి పెద్దపల్లి కాలేజీ నిండిపోయింది. దొరికిన సీటు హాస్టల్లో ఉండి చదవాల్సినంత దూరం. చిన్నవాడికి అప్పుడు ఆరేళ్లు. వదిన పోలేదు. షిఫ్టు దిగొచ్చిన అన్నకు నేను తీగ సంగతి, కోత సంగతి, బ్లాస్టింగు సంగతి చెప్పాను. అన్నీ నిజాలే. ఆయన మొహం మీది బొగ్గు కడుక్కోకుండానే అంతా విని, “సెంటర్ల గంట పని గదరా అది,” అని, స్నానానికి పోయాడు. పది రోజులు నాతో మాట్లాడలేదు. నేనైనా ఆ పది రోజులు నోరు మూసుకున్నానా అంటే, లేదు. వచ్చినవాళ్లకు ల్యాండ్‌లైను లోపాల గురించి చెబుతూనే ఉన్నాను.

మెకానిక్ భాయి కూతురుకు పెద్దపల్లిలోనే సీటొచ్చింది. రోజూ పొద్దున ఆ పిల్ల సంచి తగిలించుకుని మా వాకిలి ముందు నుంచే బస్సుకు పోయేది. నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ వదిన ఆమెతో నవ్వుతూ రెండు మాటలు మాట్లాడేది. చదువయ్యాక ఆ పిల్ల మా పిల్లల బడిలోనే టీచరుగా చేరింది. ఒకరోజు మా అన్న కూతురు అన్నం ముందు కూర్చుని, కొత్త టీచరు లెక్కలు ఎంత మంచిగా చెప్తదో చెప్పుకుపోతుంటే, వదిన అవునన్నట్టు తలూపుతూ చారు పోసింది. నేను పళ్లెంలోంచి తల ఎత్తలేదు. ఆ పిల్ల మీద కోపం రావడానికి నాకు హక్కు లేదు. అయినా కొన్నాళ్లు వచ్చింది.

తెలంగాణ వచ్చిన ఏడాది, ఊరంతా రంగులు చల్లుకుంటున్నప్పుడు, ఇక టీచరు కొలువులు పడతాయని అందరూ అనుకుంటున్నప్పుడు, నేను ధైర్యం చేసి వదిన దగ్గరికి పోయాను. ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఈ ఏడన్నా బీఈడీకి కట్టమని, అన్నీ నేను దగ్గరుండి చూసుకుంటానని అన్నాను. అన్నాక, ఆ మాటకు నాకే సిగ్గేసింది. డాంగిల్ హద్దు సంగతి కూడా అప్పుడే, అన్నేళ్లకు, చెప్పేశాను. నా వల్లే పోయిందని ఒప్పుకున్నాను. ఆమె తడి చొక్కా దులిపి తీగ మీద వేసి, రెండు క్లిప్పులూ పెట్టింది.

“నీ తప్పేముంది తమ్మీ. మొదటి రోజే నేను సెంటరుకు పోవాల్సుండె. నీకే ఎక్వ తెలుసనుకున్న.”

కోపంగా అని ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆమె మామూలుగా అని, ఖాళీ బకెట్టు నా చేతికిచ్చి, లోపల పెట్టి రమ్మన్నది. పెట్టి వచ్చాను.

ఇప్పుడు నేను ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. నెత్తి నెరిసింది. కుర్రాళ్లు ఏదో ఒకటి అడుగుతూ, మీకు బాగా తెలుసు కదా సార్ అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా, స్టూలెక్కి చేతిలో తీగ పట్టుకుని, అంతా తనకే తెలుసన్న ధీమాతో నిలబడ్డ ఆ బక్క కుర్రాడు కళ్ల ముందుకొస్తాడు. నవ్వొస్తుంది. వదిన ఎదురుగా ఉంటే మాత్రం రాదు.