టాబ్లెట్ మీద హంస

పెన్ను తెర మీద ఆనించి లాగాను. గీత పడింది. గట్టిగా నొక్కితే లావయింది, పట్టు సడలిస్తే సన్నబడింది. దుకాణంలో పదిమంది ఉన్నారన్న సంగతి మరిచిపోయి "నీ ఇల్లు బంగారం గానూ!" అని అరిచేశాను. పక్కన ఫోన్ బేరమాడుతున్న పెద్దాయన ఉలిక్కిపడి నావైపు చూశాడు. చూస్తే చూడనీ. నా చేయి గీసిన గీతను ఎనిమిదేళ్ల తర్వాత నా కళ్లు చూస్తుంటే అరవక ఏం చేయాలి?

నిజానికి ఆ పొద్దు నేను ధర్మవరంలో రైలెక్కి అనంతపురం పోయింది టాబ్లెట్ కోసం కాదు. ఇంట్లో ల్యాప్‌టాప్ మూత కీలు విరిగిపోయింది. తెర నిలబడక, పట్టుదారం నాలుగు పేటలు పురిపెట్టి కట్టుకుని నెట్టుకొస్తున్నాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కరెంటు పోతే దాంతోపాటు అదీ పోతుంది. కొత్త ల్యాప్‌టాప్ చూద్దామని పాతదాన్ని సంచిలో వేసుకుని బయలుదేరాను. మనసు మాత్రం ల్యాప్‌టాప్ మీద లేదు, ఒక హంస మెడ మీద ఉంది.

ఆ హంస సంగతి చెప్పాలంటే ముందు నా పని చెప్పాలి. నేను పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. అంచులో వచ్చే హంస అయినా, నెమలి అయినా, మామిడి పిందె అయినా మగ్గానికి అర్థమయ్యేలా గళ్ల కాగితం మీద గీసివ్వాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. గడి నింపితే పోగు లేస్తుంది, ఖాళీగా వదిలితే లేవదు. పాతికేళ్లు అట్లా కుంచెతో గళ్లు నింపుతూ బతికాను. ఎనిమిదేళ్ల కింద గళ్ల కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది. ఏ పోగు లేవాలో చెప్పే, మగ్గం నెత్తిన వేలాడే చిల్లుల అట్టలు పోయి జాకార్డు డబ్బా ఒకటి వచ్చింది, దానికి పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు. నేనూ ల్యాప్‌టాప్ కొన్నాను, సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. కానీ ఆ మౌస్ ఉంది చూశారూ, దాంతో గీత గీయడం నావల్ల కాలేదు. సబ్బుబిళ్ల చేతికిచ్చి సంతకం పెట్టమన్నట్టు ఉంటుంది. ఇక గీయడం మానేసి, ఎవరో గీసి అమ్మే డిజైన్లు కొని, మా మగ్గాలకు తగ్గట్టు కొలతలు సర్ది ఇస్తూ వచ్చాను. సర్దడం వేరు, గీయడం వేరు. ఆ తేడా పైకి ఎవరికీ చెప్పలేదు గానీ లోపల కుళ్లి కుళ్లి చచ్చేవాణ్ణి.

ఇట్లా ఉండగా నెల మొదట్లో గుంతకల్లు నుంచి ఒకామె మా ఇంటికి వచ్చింది. రైల్వేలో ఉద్యోగం. సంచిలోంచి ఒక పాత చీర తీసి నా ముందు పరిచింది. ఆకుపచ్చ చీర, వంగపండు రంగు అంచు, అంచు పొడుగునా హంసలు. చూడగానే ఒళ్లు జలదరించింది. నా హంస! పని మొదలుపెట్టిన కొత్తలో నేను గీసిన హంస!

"నేను ఉద్యోగంలో చేరిన పొద్దు మాయమ్మ ఈ చీర కట్టుకోని నాతో ఆఫీసు దాకా వచ్చిందన్నా. ఇప్పుడు అమ్మ లేదు. నెలాఖరుకు నేను రిటైర్ అవుతాండా. ఆ పొద్దు ఇట్లాంటి చీరే కట్టుకోవల్ల. అంగట్లో అడిగితే ఈ హంస గీసింది మీరేనని చెప్పినారు" అంది.

చీర మడతలు పడ్డచోట జరీ తెగిపోయి ఉంది. ఖర్మ కాకపోతే, ప్రతి హంసకూ సరిగ్గా మెడ దగ్గరే తెగింది. ఒంపు ఎట్లా తిరిగిందో ఆనవాలు లేదు. నా దగ్గరున్న గళ్ల కాగితాన్ని చెదలు తిన్నాయి. ఆమె వేలితో ఆ చిరుగును తడిమి, "మెడ వస్తాది కదన్నా?" అని అడిగింది.

"రాకుండా యాడికి పోతాది?" అన్నాను నేను, పెద్ద మొనగాడిలా.

ఆ తర్వాత వారం రోజులు మౌస్‌తో కుస్తీ పట్టాను. మెడ ఒకసారి వంకాయ తొడిమలా వచ్చింది, ఒకసారి గొడుగు పిడిలా వచ్చింది. కళ్లు మూసుకుంటే ఆ ఒంపు కనబడుతుంది, చేయి పెడితే రాదు. ఆమె ఫోన్ చేసి "మెడ వచ్చిందా అన్నా?" అంటే "వస్తాందమ్మా" అని అబద్ధం చెప్పాను. నా మీద నాకే ఒళ్లు మండింది. కసిలో మూత కాస్త గట్టిగా వేశాను, కీలు పటుక్కుమంది. అదీ కీలు విరిగిన కథ.

కాబట్టి అనంతపురం దుకాణంలో నేను అరిచానంటే ఊరికే అరవలేదు. అక్కడ అమ్మే ఆమె ల్యాప్‌టాప్‌లు చూపిస్తూ చూపిస్తూ, "మీరు బొమ్మలు గీస్తారంటిరి కదన్నా, ఇది ఒకసారి పట్టుకోని చూడండి" అని ఆ టాబ్లెట్, పెన్ను నా చేతిలో పెట్టింది. పలకంత ఉంది. అరచేయి ఆనించినా గీత చెదరలేదు. రెండు వేళ్లతో విప్పితే బొమ్మ పెద్దదయింది. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు.

"ల్యాప్‌టాప్ చేసేదంతా ఇది చేస్తాదన్నా. సంచిలో ఉండే పాతది మాకిచ్చేయండి, దీంట్లో తగ్గిస్తాం. ఇంక దాంతో మీకు పనే ఉండదు" అంది ఆమె.

దారం కట్లు విప్పి ఇచ్చేద్దామని సంచిలో చేయి కూడా పెట్టాను. ఎందుకైనా మంచిదని నా భార్యకు ఫోన్ చేశాను. ఆమె నా మేనత్త కూతురు, ఇప్పటికీ బావా అనే పిలుస్తుంది. చీర నేసేది ఆమే, మా ఇంటి మగ్గం ఆమెదే.

"ల్యాప్‌టాప్ ఇచ్చేస్తాండా మే. ఇంక అంతా దీంట్లోనే" అన్నాను గుక్క తిప్పుకోకుండా.

"ఆగు బావా. నువ్వు సంబరంలో ఉండావు. ముందు హంస రానీ, ఆమీదట ఇద్దువులే" అంది.

అమ్మే ఆమె పదిరోజులు గడువిచ్చింది. పాత ల్యాప్‌టాప్ ఆలోపు తెచ్చిస్తే చాలట. కొత్త ల్యాప్‌టాప్‌కని దాచిన దుడ్లన్నీ ఊడ్చి టాబ్లెట్ కొన్నాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ధర్మవరం వచ్చేదాకా గీస్తూనే ఉన్నాను. ఎదురుగా కునుకు తీస్తున్న ఆయన మీసాలు గీశాను. ఎర్రనేల, రాళ్ల గుట్టలు, వాన కోసం దుక్కి దున్ని వదిలేసిన చేను గీశాను. గీసేది పాడైతే పాడవనీ, చెరిపితే చెరిగిపోతుంది, కాగితం ఖర్చు లేదు. చిన్నపిల్లాడి కన్నా అధ్వానంగా తయారయ్యాను.

మరునాడు పొద్దున్నే మిద్దె మీదికి పోయి నీళ్ల ట్యాంకు నీడన కూర్చున్నాను. ల్యాప్‌టాప్‌కు ఈ భోగం ఏదీ? గోడలో ప్లగ్గు వదిలి అడుగు కదిలేది కాదు. ఊపిరి బిగబట్టి, మెడ మొదలు నుంచి తల దాకా ఒక్క లాగు లాగాను. చూస్తే ఏముంది! అదే ఒంపు! ముప్ఫై ఏళ్లకింద ఎక్కడ వదిలానో అక్కడే ఉంది. చేయి దాన్ని మరిచిపోలేదు. "ఏమే! మెడ వచ్చిందే!" అని మిద్దె మీంచి కేకలు పెట్టాను. ఎదురింటి వాళ్లు కూడా బయటికొచ్చి చూశారు. ఎండ నీడను దాటి వచ్చి టాబ్లెట్ వేడెక్కి ఆగిపోయింది, అప్పుడు గానీ నేను కిందికి దిగలేదు. దిగాక దాన్ని ఒళ్లో పెట్టుకుని విసనకర్రతో విసిరాను. నా భార్య పడీ పడీ నవ్వింది.

ఆ నవ్వు మధ్యాహ్నం దాకే. మగ్గానికి ఎక్కించాలంటే బొమ్మ మా నేత సాఫ్ట్‌వేర్‌లోకి పోవాలి. అది టాబ్లెట్‌లో పనిచేయదు. దానికి తాళంచెవి లాంటిదొకటి ల్యాప్‌టాప్‌కు గుచ్చి ఉండాలి, లేకపోతే తెరుచుకోదు. సరే, బొమ్మను ల్యాప్‌టాప్‌లోకి పంపి, మా జాకార్డు లెక్కకు, అంటే అడ్డానికి రెండు వందల నలభై గళ్లకు కుదించి తెరిచాను. మెడంతా చిల్లులే. ఎలుకలు కొరికిన గోనెసంచిలా ఉంది. ఇట్లాగే మగ్గమెక్కిస్తే జరీ ఎక్కడికక్కడ తేలిపోయి వేలికి తగులుకుంటుంది.

"ఇదంతా మోసం! వేలకు వేలు పోసి పలక కొన్నా. రేపు పొద్దున్నే పోయి వాళ్ల మొహాన కొట్టొస్తా!" అని చిందులు తొక్కాను. పెన్ను విసిరేయబోయి, దాని ధర గుర్తొచ్చి, జాగ్రత్తగా కింద పెట్టాను.

నా భార్య మగ్గం గుంటలోంచి లేచి వచ్చి రెండు తెరలనూ మార్చి మార్చి చూసింది. "బావా, ఒక మాట అడుగుతా, అరవొద్దు. ఆ కాలంలో నువ్వు ఎప్పుడన్నా తెల్లకాగితం మీద గీసిచ్చినావా నాకు?" అంది.

పాతికేళ్లు గళ్ల కాగితం తప్ప ఇంకోటి ముట్టని మనిషిని, సంబరంలో పడి గళ్లు లేని తెల్ల పేజీ మీద హంసను గీశాను! టాబ్లెట్ గీతను నునుపుగా చూపించడానికి అంచుల్లో బూడిదరంగు నింపుతుంది. కంటికి అందమే. మగ్గానికి బూడిదరంగు తెలియదు, పోగు లేవాలా వద్దా అన్న ఒక్క సంగతే తెలుసు. తప్పు దానిది కాదు, నాది. మా మేనత్త కూతురికి తెలిసిన పాటి నాకు తెలియలేదు.

సిగ్గుపడుతూనే కూర్చున్నాను. టాబ్లెట్‌లో పేజీనే రెండు వందల నలభై గళ్లుగా పెట్టుకున్నాను. పెన్నును ఒక గడి మందానికి కుదించి, మెత్తదనం మొత్తం తీసేశాను. ముందు గీసిన ఒంపును అడుగున లేతగా ఉంచి, దాని మీద ఒక్కో గడీ నింపుకుంటూ పోయాను. ఎక్కడ మెట్టు పడాలో, ఎక్కడ ఒక గడి వదిలేస్తే ఒంపు నిలబడుతుందో చేతికే తెలుస్తోంది. రెండు రోజులు పట్టింది. కరెంటు మూడుసార్లు పోయింది, నేను లేవలేదు. ఆ రెండు రోజులు నాకు పాతికేళ్ల వయసు.

ఈసారి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఒక్క చిల్లు లేదు. దారాల కట్లతో వణుకుతూనే ఆ ముసలిది ఫైల్ తయారుచేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. దాన్నా నేను ఇచ్చేయబోయింది! ఇప్పుడు ఎవరైనా వచ్చి, ల్యాప్‌టాప్ పారేసి టాబ్లెట్ కొనచ్చునా అని అడిగితే, కొనప్పా, కళ్లు మూసుకుని కొను, కానీ ల్యాప్‌టాప్ పారేయొద్దు అంటాను. గీసే చేతికి ఇది కావాలి, నేసే మగ్గానికి అది కావాలి. అందరి పనీ ఇట్లాగే ఉంటుందని చెప్పలేను. నా పని ఇంతే.

గుంతకల్లు ఆమె వచ్చిపోయిన పన్నెండో రోజు మొదటి హంస మగ్గమెక్కింది. మా మగ్గం మీద చీర బోర్లా నేస్తాం. అసలు ముఖం కిందికి ఉంటుంది, పైకి కనబడేవి వెనకవైపు దారాలే. ముందు కాళ్లు వచ్చాయి, పొట్ట వచ్చింది, రెక్క వచ్చింది. మెడ మొదలుకాగానే నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా భార్య నేస్తూ పోయింది. కాలితో తొక్కడం, పోగు వేయడం, మగ్గం పలకతో పోగును బిగగొట్టడం, అంతే.

తల కూడా పూర్తయ్యాక ఆమె అలవాటుగా చిన్న అద్దం కోసం చేయి చాపింది. అడుగు నుంచి చూసుకోవడానికి ఎప్పుడూ అదే వాడుతుంది.

"అద్దం వద్దు, ఉండు" అని టాబ్లెట్‌ను చీర కింద పైకి చూసేలా జొనిపి, ఫోటో పడేలా పెట్టాను. పలకంత పలుచన కాబట్టి సులువుగా దూరింది. టిక్కుమన్నాక బయటికి తీశాను.

వంగపండు రంగు అంచు మీద జరీ హంస. మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. పక్కన పాత చీర పరిచి చూసుకున్నాం. చిరుగు దగ్గర ఆగిపోయిన ఒంపు కొత్తదాంట్లో చివరిదాకా పోయింది.

నా భార్య కిందికి చేయి పెట్టి, కనబడకపోయినా ఆ మెడను వేలితో మెల్లగా తడిమింది. "ఎనిమిదేండ్లు ఎవరెవరివో హంసలు నేసినా బావా. నీకు చెప్పలే గానీ, ఒక్కదాని మెడ కూడా నాకు నచ్చలే" అంది.

నేను మొహం అటు తిప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. గుంతకల్లు ఆమె.

"మెడ వచ్చిందా అన్నా?"

"వచ్చిందమ్మా" అన్నాను. నా భార్య మళ్లీ గుంటలోకి దిగి రెండో హంస మొదలుపెట్టింది.