రాని సీటుకు చేసిన కృతజ్ఞత కూడిక

ప్రియ సహోదర సహోదరీలారా, నేను నర్సును కాకుండానే నర్సునని అనిపించుకుని ఐదు నెలలు తిరిగాను, అదీ సంఘం ముందర, దేవుని పేరు చెప్పుకుని! ఈ సంగతి మన పత్రికకు రాయమని మా పాస్టరయ్య అడిగినప్పుడు నాకు చేతులాడలేదు. సాక్ష్యం అంటే అంతా తేటగా తెలిసిపోయిన వాళ్ళు చెప్పేది కదా, నాకేమో ఇప్పటికీ సగం సంగతులు అర్థం కాలేదు, అయినా అర్థమైనంత వరకే చెప్పమన్నారు గనుక చెబుతున్నాను.

మాది గచ్చిబౌలి. మా నాన్న అక్కడి గుట్టల్లో రాళ్ళు కొట్టే పని చేస్తూనే మా చిన్న సంఘానికి పెద్దగా ఉండేవాడు. మా సంఘంలో మెట్రిక్ పాసైన మొదటి ఆడపిల్లను నేనే కావడంతో అందరికీ నేనంటే ఎక్కడలేని మురిపెం. నగరంలోని ఒక నర్సింగ్ స్కూలుకు దరఖాస్తు పెడితే ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది, అది చూసి నాన్న పని చేసే చోటే మోకాళ్ళూని స్తోత్రం చెప్పాడు. అంతకు కొద్ది రోజుల ముందే మా ఊరి ఉజ్జీవ కూడికల్లో ఒక ప్రసంగీకుడు, విశ్వాసం గలవాడు మేలు పొందకముందే వందనాలు చెల్లించాలని గట్టిగా చెప్పి వెళ్ళాడు, ఆ మాట నాన్న మనసులో నాటుకుపోయింది. మాలో బిడ్డ పుట్టినా, జబ్బు నయమైనా, ఇల్లు కప్పుకున్నా కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం, కానీ మేలు జరిగాకే పెట్టుకుంటాం. నాన్న మాత్రం ఇంటర్వ్యూకు పది రోజుల ముందే పెట్టేశాడు! పందిరి వేశారు, బగారా అన్నం వండారు, స్త్రీల సమాజం వాళ్ళు నాకు తెల్ల చీర పెట్టారు, నాన్న అందరి ముందు నిలబడి, "ప్రభువా, మా సుగుణకు నర్సు సీటు ఇచ్చినవ్, నీకు వందనాలయ్యా" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సీటు నా చేతికి వచ్చేసిందనే అనుకున్నాను.

ఇంటర్వ్యూలో ఒక పెద్దావిడ, నర్సు ఎందుకు కావాలనుకుంటున్నావని అడిగింది. దేవుడు ఇదివరకే ఇచ్చేశాడండి, నేను తీసుకోవడానికి వచ్చాను అన్నాను! ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు, కాగితం మీద ఏదో రాసుకుని ఇక వెళ్ళమంది. వారం తిరిగాక ఆ స్కూలు గోడకు అంటించిన జాబితాలో నా పేరు లేదు. పైనుంచి కిందికి చదివాను, కిందినుంచి పైకి చదివాను, వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివాను, నా పక్కన నిలబడిన పిల్ల తన పేరు చూసుకుని ఎగిరి గంతేస్తే ఆమె మీద నాకు పుట్టిన అసూయను దేవుడు క్షమించుగాక.

నాన్నకు చెబితే నమ్మలేదు. "ఆ లిస్టు మనుషులు రాసింది బిడ్డా, ఎవరో ఒకరు మానేస్తరు, ఇంకో లిస్టు పడతది, జర ఓపిక పట్టు" అన్నాడు. ఊళ్ళో ఏం చెప్పాలి మరి? అందరూ బగారా తిని దీవించి పోయారాయె! అందుకని నన్ను బోరబండలో ఉండే మా చిన్నమ్మ ఇంటికి పంపించి, మా పిల్ల నర్సింగుకు పోయిందని చెప్పాడు. అది అబద్ధమని నాన్న అనుకోలేదు, విశ్వాసపు మాట అనుకున్నాడు. నేనేమనుకున్నానో నాకే తెలియదు.

సహోదరీలారా, ఆ బోరబండ రోజుల్లో నా బుర్ర పనిచేయలేదంటే నమ్మండి. దేవుడు మాట ఇచ్చి తప్పాడా, అసలు ఇవ్వనే లేదా, ఇచ్చినా నా అవిశ్వాసం వల్ల ఆగిపోయిందా అని తిరగేసి మరగేసి ఆలోచించేదాన్ని. ప్రతిదానికీ ఒక గుర్తు అడగడం మొదలుపెట్టాను. కుళాయి దగ్గర నా వంతు వచ్చేదాకా నీళ్ళు ఆగకపోతే ఈ వారం ఉత్తరం వస్తుందని నాకు నేనే చెప్పుకునేదాన్ని, నీళ్ళు ఆగేవి కావు, ఉత్తరం వచ్చేది కాదు! "ప్రభువా, నువ్వు పిలిచినవా, నేనే వచ్చినానా, ఒక్క మాట చెప్పు తండ్రీ" అని గోడ వైపు తిరిగి ప్రార్థించేదాన్ని. జవాబు వచ్చినట్టు ఒకరోజు ఉండేది, రాలేదని మరుసటి రోజు తోచేది.

నెలకొక ఆదివారం ఊరికి వచ్చి, తెల్ల చీర కట్టుకుని ఆరాధనలో కూర్చునేదాన్ని. సూది వేయడం నేర్పారా అని అడిగితే ఇంకా లేదు అనేదాన్ని, ఆ ఒక్క మాటతో అబద్ధం ఎంత సులువుగా సాగిపోయేదో! నాలుగో నెలలో మా పక్కింటి బాలమ్మ తన కోడలు యాదమ్మను నా దగ్గరికి తీసుకొచ్చింది. వాళ్ళు మన విశ్వాసులు కారు, కానీ మా రెండిళ్ళ మధ్య గోడ కూడా లేదు. యాదమ్మకు ఏడో నెల, కాళ్ళు వాచాయి. ఎక్కడో చూసినట్టు వేలితో నొక్కి, తల ఊపి, కడుపుతో ఉన్నవాళ్ళకు ఇది మామూలే, ఉప్పు తగ్గించమని చెప్పాను. అవును, చెప్పాను! నాకు తెలియదని అనడానికి నోరు రాలేదు.

మరుసటి నెల నేను వచ్చిన ఆదివారం, ఆరాధన ముగిసి అందరం వాకిట్లో నిలబడి ఉండగా బాలమ్మ యాదమ్మను పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. యాదమ్మ ముఖం ఉబ్బిపోయింది, తల పగిలిపోతోందని, కళ్ళు మసకలు కమ్ముతున్నాయని అంటోంది. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగాను.

"బేస్తవారం నుంచి గిట్లనే ఉన్నది బిడ్డా. దవాఖానకు పోదామంటే, మన సిస్టరమ్మ ఐతారం వస్తది గద, ఆమెకే చూపిద్దామని ఆగినం" అంది బాలమ్మ.

నా కోసం ఆగారు! మూడు రోజులు ఆ మనిషి నొప్పితో పడుకుని, నా కోసం ఆగింది! నాన్న పక్కనే ఉన్నాడు, సంఘమంతా చూస్తోంది, నోరు తెరిస్తే నాన్న పరువు ఏమవుతుందో తెలుసు, తెరవకపోతే యాదమ్మ ఏమవుతుందో తెలియదు. అప్పుడు నా నోటి నుంచి మాట బయటపడింది, నేను అనలేదు, దేవుడే అనిపించాడని ఇప్పటికీ నమ్ముతున్నాను.

"నాకు సీటు రాలేదు బాలమ్మత్తా. నేను నర్సును కాను. నాకేం తెల్వదు. పోయిన నెల చెప్పింది కూడ తెల్వకనే చెప్పిన. తొందరగ దవాఖానకు తీస్కపోదాం పా."

"ఏంది, గిట్లంటవేందే? తెల్లచీర కట్టుకున్నవ్ గద!" అని బాలమ్మ నా చీర పట్టుకుని లాగింది. నాన్న నా వైపు చూడకుండానే పరుగెత్తి బండి కట్టించాడు, రోడ్డు దాకా బండి మీద పోయి, అక్కడ రాళ్ళ లారీ ఆపి, అందులో నగరానికి పోయాం. యాదమ్మ తల నా ఒడిలో పెట్టుకున్నాను. దవాఖాన గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఫిట్స్ వచ్చాయి, లోపలివాళ్ళు స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. "ఇంతవరకు ఎవరికీ చూపించలేదా?" అని డాక్టరమ్మ కేకలేసింది.

"నాకు చూపించారండి" అన్నాను.

"నువ్వెవరు?"

ఏమని చెప్పను? ఎవర్నీ కానండి అన్నాను. ఆవిడ నన్ను ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వరండాలో కూర్చుని నేను చేసిన ప్రార్థన చాలా చిన్నది: "ప్రభువా, నాకు ఏ గుర్తూ వద్దు, నాకు ఏదీ చెప్పకు, యాదమ్మను మాత్రం చంపకు." సహోదరులారా, యాదమ్మ బతికింది! పిడికెడంత ఆడపిల్ల పుట్టి, ఆ పిల్లా బతికింది! దేవునికే మహిమ!

ఆ తర్వాతి ఆదివారం నాన్న సంఘం ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, "తండ్రీ, మా పిల్లకు సీటు రాలేదు. నేనే వచ్చిందన్న. నీ పేరు మీద అన్న. నన్ను మన్నించు" అన్నాడు. అంతే, ఆమెన్ కూడా చెప్పలేక కూర్చున్నాడు. కొందరు ముసిముసిగా నవ్వారు, అది నిజం. బాలమ్మ మూడు నెలలు నాతో మాట్లాడలేదు, అదీ నిజం, ఆమెను నేను తప్పుపట్టను.

మరుసటి ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టాను. ఈసారి నర్సు ఎందుకు కావాలని అడిగితే యాదమ్మ సంగతి అంతా చెప్పాను, దాచుకోలేదు. అయినా సీటు రాలేదు! నిజం చెప్పినందుకు దేవుడు ఇస్తాడని లోలోపల ఆశపడ్డాను కాబోలు, మళ్ళీ అంతా అయోమయం అయిపోయింది. దేవుడు ఒక తలుపు మూసింది ఇంకొకటి తెరవడానికేనని చాలామంది ఓదార్చారు, నేనిప్పుడు చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పుతున్నాను, ఇదే ఆ రెండో తలుపా అంటే నాకు తెలియదు. తెల్ల టోపీ పెట్టుకున్న నర్సమ్మ ఎదురైతే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఎందుకు ఇవ్వలేదని ఆయన్ను అడుగుతూనే ఉన్నాను.

కానీ ఆ రెండోసారి జాబితా చూసుకుని బస్సు దిగినప్పుడు బాలమ్మ రోడ్డు మీద నిలబడి ఉంది, చంకలో మనవరాలు. "సీటొచ్చిందా బిడ్డా?" అని అడిగింది. నాలుక మీదికి వంద మాటలు వచ్చాయి, వస్తుందట, చూద్దాం, ఇంకో లిస్టు ఉందట అని. వాటన్నిటినీ ప్రభువే ఆపాడు.

"రాలేదత్తా" అన్నాను.

"గట్లనా" అని పిల్లను నా చేతికిచ్చి, "పా, ఇంటికి పోదాం, పొద్దటి నుంచి ఏం తిన్నవో ఏమో" అంది బాలమ్మ.

నేను విడుదల పొందింది ఆ రోడ్డు మీదనే, సహోదరులారా. మీలో ఎవరికైనా అడిగింది దొరకక, దొరికిందని నలుగురికీ చెప్పుకుని, ఆ మాట మోయలేక మోస్తున్నవాళ్ళు ఉంటే, అర్థమయ్యేదాకా ఆగకండి, నాకు ఇంకా అర్థం కాలేదు, అయినా ఆయన నన్ను వెళ్ళగొట్టలేదు. ప్రభువు దగ్గరికి వెళ్ళి, రాలేదయ్యా అని చెప్పండి. ఆయన వింటాడు. దేవునికే మహిమ.